తెలుగు నేలపై విశ్రాంతిదీపము

1840వ సంవత్సరమున అమెరికా బాప్టిస్టు బోధకుడగు శామ్యూల్ డే నెల్లూరు చేరెను. అతని వెనుక వచ్చిన జాన్ క్లౌ ఒంగోలున పనిచేసెను. 1878 జూలై 3వ తేదీన నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలు నాడు నెల్లూరు మండలములోనిదే. ఆ సంఘమున జేరినవారిలో మాదిగలే పెక్కురు. నూతనమతముతో వారి గుడిసెలకు అక్షరములును, అక్షరములతో పాతనిబంధనయు వచ్చెను. పాతనిబంధన యన యూదుల ధర్మగ్రంథమే కదా!

క్రైస్తవులైన మాదిగ కుటుంబములలో కొన్ని, గుంటూరు మండలమున చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో, 1980వ దశకాంతమున తాము యూదులమని ప్రకటించుకొనెను. షమ్యూల్ యాకోబి, సాదోకు యాకోబి యను సోదరులు వీరికి నాయకులు. 1991లో ప్రార్థనామందిరము వెలసెను. క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున అస్సీరియనులచే చెదరగొట్టబడిన ఎఫ్రాయిము గోత్రమువారే తమ పూర్వులని వీరి విశ్వాసము. గోమాంసభక్షణము మున్నగు తమ కులాచారములనే వీరు తార్కాణముగ జూపుదురు. ఏ యాచారమును జూపి లోకము వీరిని దూరముంచెనో, ఆ యాచారమే వీరికి వంశగౌరవచిహ్న మయ్యెను. ఈ వంశకథకు ప్రాచీనశాసనాధారము లేదు. అయినను మానమునకై మానవుడు పడు తపన చరిత్రకు బాహ్యము కాదు.

యూదమతమునకు గృహమే ముఖ్యస్థానము. క్రీస్తుశకము 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిన పిమ్మట భోజనపుబల్లయే బలిపీఠ మయ్యెను. శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందు ఇల్లాలు దీపములు వెలిగించును. తండ్రి బిడ్డలను దీవించును. పస్కాపండుగ రాత్రి ఇంటిలో కనిష్ఠుడగు బాలుడు ప్రశ్నింపగా, పెద్దలు ఐగుప్తు దాస్యవిమోచనకథ చెప్పుదురు. బిడ్డ ప్రశ్నించుట అచ్చట అవిధేయత గాదు, ఆరాధనయే!

స్నేహమునకును ఆ మతమున నున్నతస్థానము గలదు. రాజకుమారుడగు యోనాతాను తన సింహాసనమున కడ్డుగానున్న దావీదును ప్రాణమువలె ప్రేమించెను. పరజాతికన్యయగు రూతు, భర్త మరణించినను అత్తయగు నయోమిని విడువలేదు. అత్తాకోడండ్ర వైరము సహజమని తలంచు మన యిండ్లలో ఈ కథ వినదగినది. ధర్మగ్రంథమును సయితము ఒంటిగా గాక, ఇద్దరు మిత్రులు వాదించుకొనుచు చదువుట వారి సంప్రదాయము. విభేదించినంతమాత్రమున మైత్రి చెడదని దాని భావము. కొత్తరెడ్డిపాలెమువారికి ఈ నీతి నిత్యావసరము. వారి బంధువులలో క్రైస్తవులు గలరు. ప్రార్థన వేరైనను రక్తము వేరు కాదు.

విశ్రాంతిదినాజ్ఞ యజమానికి మాత్రమే కాదు; దాసునికి, దాసికి, పశువునకును వర్తించును. తరతరములుగ పరుల పొలములలో శ్రమించినవారికి ఈ యాజ్ఞ యెంత తీయగా వినబడియుండునో యూహింపుడు! అయితే విశ్రాంతిదినమున నిప్పు రాజేయరాదు గనుక, ముందునాడే వంట ముగించు భారము స్త్రీలపై బడుచుండుటయు సత్యమే. ఒకరి విశ్రాంతి మరియొకరి శ్రమపై నిలిచినచో ఆజ్ఞ సగమే నెరవేరినది.

చదువరులారా! మన గృహములలోను పండుగలు గలవు, దీపములు గలవు. పండుగనాడు మన వంటయింటిలో నెవరు కూర్చుండిరి, ఎవరు నిలుచుండిరి? అంట్లు తోము పనికత్తెకు వారమున కొక్కదినమైన విశ్రాంతి గలదా? ఈ ప్రశ్నకు మన బిడ్డలయెదుట జంకక బదులు చెప్పగలిగిననాడు, మన యింటి దీపమునకును వెలుగు హెచ్చును.