ఇరవై రెండు అనే తోక

శస్త్రచికిత్సల చరిత్ర చాలామంది రాశారు. వాటి బిల్లుల చరిత్ర మీద నాకు ఆసక్తి కలిగి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వైద్య ప్రక్రియలకు అంకెలిస్తూ సీపీటీ పుస్తకాన్ని వెలువరించింది. మొదట నాలుగంకెలుగా ఉన్న సంకేతాలు 1970 నాటి రెండవ కూర్పులో ఐదంకెలయ్యాయి. 1983లో మెడికేర్ వీటిని స్వీకరించాక వైద్యుని ప్రతిఫలం ఈ అంకెలకు కట్టుబడింది.

మూత్రకోశ విభాగమే చూడండి. గుర్రపు నాడాలా కలిసిపోయిన మూత్రపిండాలను విడదీయడానికి సైతం 50540 అనే సంకేతం ఉంది. కానీ రోగి దేహం పుస్తకాన్ని అనుసరించి ఉండదు కదా! పాత శస్త్రచికిత్సల వల్ల లోపలి భాగాలు అతుక్కుపోయి, రెండు గంటల పని ఐదు గంటలైతే? అప్పుడు మూల సంకేతానికి 22 అనే తోక తగిలిస్తారు. దీన్నే మాడిఫయర్ అంటారు. పని తగ్గితే 52, రోగి ప్రాణానికి ముప్పని మధ్యలో ఆపితే 53.

ఇక బొత్తిగా కొత్త పని సంగతి. 1990లో సెయింట్ లూయీలో రాల్ఫ్ క్లేమన్ బృందం తొలిసారి లాపరోస్కోపీతో మూత్రపిండాన్ని తొలగించింది. ఎవరూ చేయని పనికి అంకె ముందుగా ఉండదు. ఈనాడు దానికి 50546 ఉంది. ఇప్పటికీ అంకె దొరకని మూత్రకోశ ప్రక్రియలకు 53899 వేసి, వివరమైన నివేదిక జతపరుస్తారు.

2008లో 22 పేరు మారింది. అంతకుముందు అది 'అసాధారణ' సేవ; ఆపైన 'అధిక' సేవ. అసాధారణమని చెప్పుకుంటే చాలదు, ఎంత అధికమో, ఎందుకో చూపాలన్నమాట. హైదరాబాదులో కూర్చుని ఈ నివేదికలు చదివే తెలుగు కోడర్లకు ఇది నిత్యానుభవమే. ఎంత నేర్పుతో చేసిన శస్త్రచికిత్స అయినా, వైద్యుడు ఆ కష్టాన్ని నివేదికలో రాయకపోతే 22 నిలవదు.