తుపాకీ టోపీ కథ

1857 అనగానే మీకు కొవ్వు పూసిన తూటాలు గుర్తుకు వస్తాయి. పాఠ్యపుస్తకాలన్నీ ఆ సంగతి చెబుతాయి. ఆ తూటాను పేల్చడానికి కావలసిన రాగి టోపీ గురించి మాత్రం అంతగా చెప్పవు. చిటికెన వేలి గోరంత ఉండే ఆ టోపీ కథ కోసం ముందుగా పదహారేళ్లు వెనక్కి, చైనాకు వెళ్దాం.

1841 మే 30. మొదటి నల్లమందు యుద్ధం జరుగుతోంది. కాంటన్ నగరం వెలుపల, సాన్యువాన్లీ గ్రామం దగ్గర, 37వ మద్రాసు దేశీయ పదాతి దళానికి చెందిన సుమారు 60 మంది సిపాయిలు సేన నుంచి విడిపోయారు. కుండపోత వాన. చుట్టూ ఈటెలు పట్టిన వందలాది గ్రామస్థులు. సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. వాటిలో రాయి ఉక్కును కొట్టినప్పుడు రాలే రవ్వలు పళ్లెంలోని మందు మీద పడితేనే తుపాకీ పేలుతుంది. మందు తడిసి ముద్దయింది. ఇక బాయినెట్లే దిక్కయ్యాయి. వారిని వెతుక్కుంటూ వచ్చిన మెరీన్ సైనికుల తుపాకులు మాత్రం ఆ వానలోనూ పేలాయి, ఎందుకంటే అవి టోపీ తుపాకులు.

ఈ కొత్త పద్ధతికి ఆద్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతబోధకుడు. ఆయనకు పక్షుల వేట ఇష్టం. చెకుముకి తుపాకీ పేలేముందు వచ్చే మెరుపు చూసి పక్షులు తప్పించుకునేవి. దెబ్బ తగిలితే చాలు భగ్గుమనే రసాయనాలతో మందును అంటించవచ్చని గ్రహించి, ఆయన 1807లో పేటెంటు పొందాడు. అంతకు ముందే, 1800లో, ఎడ్వర్డ్ హోవర్డ్ పాదరసపు ఫల్మినేట్‌ను వర్ణించి ఉన్నాడు. తరువాత ఆ మందునే చిన్న రాగి టోపీలో అద్ది, గొట్టం వెనుక ఉండే బొడిపెకు తొడిగారు. 1834లో వూల్విచ్‌లో జరిపిన పరీక్షలో 6,000 సార్లు పేలిస్తే చెకుముకి తుపాకీ 922 సార్లు మొరాయించింది. టోపీ తుపాకీ మొరాయించింది 36 సార్లే!

ఇప్పుడు 1857 నాటి ఢిల్లీకి వద్దాం. అక్కడి జనం తిరుగుబాటు సిపాయిలను 'తిలంగాలు' అని పిలిచేవారు. కంపెనీ తొలినాటి సిపాయిలు తెలుగు ప్రాంతం నుంచి వెళ్లినందువల్ల వచ్చిన పేరది. తిలంగాల చేతికి తుపాకులు చిక్కాయి. సురేకారం, గంధకం, బొగ్గు దేశంలో దొరికేవే కనుక తుపాకీమందు నగరంలోనే నూరుకున్నారు. సీసపు గుండ్లు పోత పోసుకోవచ్చు. మరి టోపీ? దానికి రసాయనశాల కావాలి, రాగి రేకును అచ్చు కొట్టే యంత్రాలు కావాలి. అవి కంపెనీ చేతుల్లో ఉండేవి. ముట్టడి సాగినకొద్దీ టోపీల కొరత తీవ్రమైంది. టోపీ లేనిదే మంచి తుపాకీ కూడా ఈటె పాటి చేయదు. తిరుగుబాటు ఓడిపోవడానికి ఇదొక్కటే కారణమని నేననను. నాయకత్వంలో అనైక్యత, డబ్బు కొరత కూడా ఉన్నాయి. అయినా కొవ్వు గురించి రాసిన పేజీలతో పోలిస్తే టోపీల గురించి రాసినవి చాలా తక్కువ.

1866 ప్రాంతంలో టోపీ తూటాలోకే చేరింది. ఇత్తడి తూటా అడుగున నడిమధ్య గుండ్రంగా కనిపించే బిళ్లే అది. దాన్నే ప్రైమర్ అంటారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి అమెరికన్ హైరమ్ బెర్డాన్‌ది, రెండోది ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ బాక్సర్‌ది. విచిత్రమేమిటంటే, అమెరికాలో స్థిరపడింది బాక్సర్ రకం, ఐరోపా సైన్యాల్లో ఎక్కువగా వాడినది బెర్డాన్ రకం! బాక్సర్ తూటాకు మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. పేలిన ప్రైమర్‌ను సన్నని కడ్డీతో నెట్టేసి తూటాను మళ్లీ నింపుకోవడం తేలిక. సీసపు గుండ్లు సొంతంగా పోసుకునే అమెరికా వేటగాళ్లకు అది నచ్చింది.

బ్రిటిష్ సైనికులకు 1866లో స్నైడర్ రైఫిల్, బాక్సర్ తూటా వచ్చాయి. భారతీయ సిపాయికి మాత్రం 1857 తరువాత చాలాకాలం నునుపు గొట్టపు తుపాకీ, విడి టోపీలే ఇచ్చారు. 1870లలో స్నైడర్ అతని చేతికి అందేనాటికి, తెల్ల సైనికుడు మార్టిని-హెన్రీకి మారాడు.