ఒక షష్ఠీ విభక్తి కోసం

"నువ్వు రావడం నాకిష్టం" అన్నా, "నీ రాక నాకిష్టం" అన్నా మన తెలుగులో ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీషులో మాత్రం 'యు కమింగ్' అనాలా, 'యువర్ కమింగ్' అనాలా అని ఉద్దండ పండితులే తగువుపడ్డారు!

1906లో ఫౌలర్ సోదరులు 'ది కింగ్స్ ఇంగ్లిష్' అనే పుస్తకంలో మొదటి వాడుకకు 'ఫ్యూజ్డ్ పార్టిసిపుల్' అని పేరుపెట్టి మరీ వెలివేశారు. తమ్ముడు ఫ్రాన్సిస్ 1918లో పోయాడు. అన్న హెన్రీ మాత్రం పట్టు వదల్లేదు. 1926లో వెలువడిన తన వాడుక నిఘంటువులో ఆయన తీసుకున్న ఉదాహరణ చూడండి: స్త్రీలకు ఓటుండటం మగవాళ్ల రాజకీయ బలాన్ని తగ్గిస్తుందట! తగ్గించేది స్త్రీలా, ఓటుండటమా? 'ఉమెన్' అని ఊరుకుంటే తేలదు, 'ఉమెన్స్' అనాల్సిందేనని ఆయన వాదం.

డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ ఆ ఏడే జవాబిచ్చాడు. పేరున్న రచయితలే అలా రాశారంటూ ఉదాహరణలు గుప్పించాడు. చివరికి వాడుకే నెగ్గింది. ఇప్పటి వ్యాకరణాలు రెండింటినీ ఒప్పుకుంటాయి. కాస్త లాంఛనంగా రాసేటప్పుడు 'యువర్' మేలంటాయి, అంతే.

నాకు మాత్రం ఆ ఉదాహరణే మనసులో నిలిచిపోయింది. 1918లో బ్రిటన్‌లో ఓటు వచ్చింది ముప్పై నిండిన స్త్రీలకే, అదీ ఆస్తి షరతులతో. మగవాళ్లతో సమానంగా ఇరవై ఒకటో ఏటనే రావడానికి 1928 దాకా ఆగాల్సొచ్చింది. పార్లమెంటు ఇంకా లెక్కలు చూసుకుంటుండగానే, ఓటు పక్కన 'స్త్రీల' అన్న షష్ఠి ఉండి తీరాలని పట్టుబట్టాడు ఆ ముసలి వ్యాకర్త!