టిచ్చుబొత్తాముల చరిత్రము

వస్త్రమును నేయుట యొక విద్య. నేసినదానిని దేహమున నిలుపుట మఱియొక విద్య. ఈ రెండవ విద్యలో మిక్కిలి చిన్నదగు నొక వస్తువును గుఱించి నేడు ముచ్చటించెదను. మన దర్జీలు దానిని టిచ్చుబొత్తామందురు.

పూర్వము మనవారి కుప్పసములకును, అంగరఖాలకును కసెలే బిగింపులు. బొత్తాము, కాజా యను మాటలు పోర్చుగీసువారి భాషనుండి వచ్చినవి. ఆ భాషలో కాసా యనగా నిల్లు. బొత్తాము దూఱియుండు నిల్లు గావున రంధ్రమునకు కాజా యని పేరయ్యెను. టిచ్చుబొత్తామునకు మాత్రము ఇల్లు వలదు. ఒక సగమే రెండవ సగమునకు నిల్లు.

1885వ సంవత్సరమున హెరిబర్ట్ బావర్ అను జర్మను దేశీయుడు దీనికి పేటెంటు హక్కు పడసెను. పురుషుల లాగులకు బిగింపుగా నాతడు దీనిని కల్పించెను. మఱుసటి యేడు ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ పట్టణమందు ఆల్బెర్ పియేర్ రేమండ్ చేతితొడుగుల కిట్టిదానినే సిద్ధపఱచెను. ఆ పట్టణము చేతితొడుగులకు పేరువడినది గదా! 1903లో జర్మనీయందలి హాన్స్ ప్రిమ్ బొత్తాములో సన్నని తీగస్ప్రింగు నమర్చెను. ఒక సగమున నున్న బొడిపె లోనికి దిగునపుడు తీగ యెడమిచ్చును; దిగిన పిమ్మట మెడను పట్టుకొనును. నొక్కిన తగులుకొనుటకును, లాగిన విడివడుటకును ఇదియే కారణము.

రెండువైపుల తిరుగవేసి తొడుగుకొను చొక్కాలయందు దీని యుపయోగము విశేషముగ గాననగును. మామూలు బొత్తామైనచో చొక్కాను తిరుగవేసినంతనే లోపలికి పోయి దేహమునకు ఒత్తుకొనును. టిచ్చుబొత్తాము సంగతి యట్లు కాదు. ఎడమ అంచు లోపలి ముఖమున నొక సగమును, కుడి అంచు పైముఖమున రెండవ సగమును కుట్టితి మనుకొందము. చొక్కాను తిరుగవేయగా కుడి అంచు ఎడమవైపునకు వచ్చును. దాని పైముఖము లోపలి ముఖమగును. ఎడమ అంచు కుడివైపునకు చేరి, దాని లోపలి ముఖము వెలికి వచ్చును. కావున ఆ రెండు సగములే మరల నెదురుపడును. ఎడమ కుడిమీద వచ్చు వరుసయు మాఱదు. ఒక జోడే రెండు ముఖములకును చాలును! కుట్టువారు పాటింపవలసిన దొక్కటియే: సూది ఒక పొర గుడ్డలోనే నడువవలెను; రెండవ పొరకు తగిలినచో కుట్టు మఱియొక ముఖమున గానవచ్చును. రెండు సగములును సరిగ నెదురెదురుగ నుండుటకు మొదట బొడిపెను కుట్టి, దానికి సుద్ద పూసి, రెండవ అంచుపై నొత్తి, ఆ గుర్తుమీద రెండవ సగమును కుట్టుట మేలు.

ఇక నీ చిన్న వస్తువుతో ముడివడిన యొక పెద్ద కథ కలదు. 1902లో ప్రాగ్ నగరమున యిండ్రిహ్ వాల్డెస్, హినెక్ పుట్స్ అనువారు కలసి బొత్తాముల కర్మాగారమును స్థాపించిరి. వాల్డెస్ తన సరకునకు కోహినూరని పేరిడెను. మన కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకెనని ప్రతీతిగల వజ్రముపే రది! కంట బొత్తాము ధరించి నవ్వు యువతి బొమ్మ ఆ సరకునకు చిహ్నమయ్యెను. ఆతడు బొత్తాములకును, బిగింపులకును ప్రత్యేకముగ నొక ప్రదర్శనశాలను నెలకొల్పెను. పండితులు తలపెట్టని పనిని వర్తకుడు చేసెను.

ఆతడు యూదుడు. 1939లో జర్మను నాజీలు ఆతనిని చెఱబట్టి బుఖెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమున నుంచిరి. కుటుంబమువారు పెద్దమొత్తము చెల్లింపగా విడుదల లభించెను గాని, 1941లో అమెరికాకు పోవు త్రోవలో క్యూబాయందలి హవానాలో నాతడు మరణించెను. ఆతడు లోకమున వ్యాపింపజేసిన వస్తువు మాత్రము దేశదేశముల పసిపిల్లల గౌనులపై నేటికిని నిలిచియున్నది. రాజుల పేరులను కంఠస్థము చేయించు చరిత్రమునందు ఇట్టివారికిని కొంత చోటుండుట న్యాయము.