అమ్మ చెప్పొద్దన్న కథ: పౌలా గన్ అలెన్ జీవితం, రచన

కొత్త మనిషి గూడెంలోకి వస్తే మన పెద్దలు ముందుగా పేరు అడగరు. ఏ గట్టు, ఏ గోత్రం, ఎవరి బిడ్డవు అని అడుగుతారు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లగూనా పుయెబ్లో అనే ఆదివాసీ ఊరుంది. అక్కడా ఇలాంటి ప్రశ్నే వేస్తారు, కాకపోతే తల్లి గురించి వేస్తారు. నీ తల్లి ఎవరు? ఆమె ఎవరో తెలిస్తే నీ వంశం, ఊళ్లో నీ చోటు, నీ మీదున్న బాధ్యత తెలిసిపోతాయి. ఆ ప్రశ్నతోనే ఒక ప్రసిద్ధ వ్యాసం రాసిన మనిషి పౌలా గన్ అలెన్. ఆమె కవి, నవలా రచయిత్రి, సాహిత్య విమర్శకురాలు. మన పిల్లలకు ఆమె పేరు పెద్దగా తెలియదు. తెలియాల్సిన పేరని మా నమ్మకం.

ఆమె 1939 అక్టోబర్ 24న ఆల్బుకర్కీలో పుట్టారు. పెరిగింది లగూనా పక్కనే ఉన్న క్యుబేరో అనే చిన్న ఊళ్లో. తండ్రి లెబనాన్ మూలాలున్న కుటుంబం వాడు, ఊళ్లో దుకాణం నడిపేవాడు. తల్లి వైపు లగూనా, సూ, స్కాట్లాండ్ రక్తాలు కలిశాయి. ఇంట్లోనే ఇన్ని భాషలు, ఇన్ని దేవుళ్లు! చదువేమో క్యాథలిక్ కాన్వెంటు బడిలో. రెండు మూడు లోకాల మధ్య నిలబడిన ఆడపిల్ల గోడు ఆమె రచనల్లో చివరిదాకా వినిపిస్తుంది. 1983లో వచ్చిన ఆమె నవల పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే ‘నీడలు సొంతమైన స్త్రీ’. అందులో ఎఫానీ అనే మిశ్రమ రక్తపు యువతి చెదిరిపోయిన మనసును పాత కథల సాయంతో మళ్లీ కూడగట్టుకుంటుంది.

ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో ఆమె 1966లో డిగ్రీ, 1968లో సృజనాత్మక రచనలో పీజీ పూర్తి చేశారు. ఇంటికి చాలా దూరంలో, ఒంటరితనంతో నలిగిపోతున్న రోజులవి. అప్పుడే కయొవా తెగకు చెందిన స్కాట్ మొమడే రాసిన ‘హౌస్ మేడ్ ఆఫ్ డాన్’ నవల చేతికొచ్చింది. తన నేల, తన మనుషులు అచ్చులో కనబడ్డారు. ఆ పుస్తకమే తనను నిలబెట్టిందని ఆమె తర్వాత చెప్పుకున్నారు. 1974లో మొదటి కవితా సంపుటి, 1975లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు వచ్చాయి. 1977 వేసవిలో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆదివాసీ సాహిత్యాన్ని తరగతిలో ఎలా చెప్పాలో అధ్యాపకులకు నేర్పే సదస్సు ఆమె నడిపారు. అందులోంచి 1983లో ఒక పాఠ్య ప్రణాళికల పుస్తకం పుట్టింది. కవిత్వానికి వచ్చిన పేరు ఈ పనికి రాలేదు కానీ, ఆదివాసీ సాహిత్యం కాలేజీ పాఠంగా నిలదొక్కుకోవడంలో దీని పాత్ర తక్కువేం కాదు.

అయితే మేము ఎక్కువసేపు ఆగాలనుకున్నది 1986లో వచ్చిన ‘ది సేక్రెడ్ హూప్’ దగ్గర. పవిత్ర వలయం అని అర్థం. అందులో ఒకే ఒక కథ మీద రాసిన వ్యాసం ఉంది.

ఆమె తల్లి వైపు బంధువు జాన్ గన్ లగూనా కథలను ఆంగ్లంలోకి మార్చి 1917లో పుస్తకంగా అచ్చు వేశాడు. అందులో కొచిన్నెనాకో కథ ఒకటి. కొచిన్నెనాకో అంటే పసుపు స్త్రీ. ఆమె శీతాకాలపు దేవుడు షాకాక్‌కు భార్య. చలికి పంటలు పోయి, జనం నాగజెముడు లాంటి ముళ్ల మొక్కలు తిని బతుకుతుంటారు. ఆ మొక్కల కోసం వెళ్లిన ఆమెకు ఎండాకాలపు దేవుడు మియోచిన్ ఎదురై పచ్చి మొక్కజొన్న కంకులిస్తాడు. తర్వాత దేవుళ్లిద్దరికీ పోరు, షాకాక్ ఓటమి, చివరికి ఏడాదిని చెరి సగం పంచుకునే ఒప్పందం.

వింటే ఏమనిపిస్తుంది? ఇద్దరు మగాళ్లు ఒక రాకుమారి కోసం కొట్టుకున్నట్టుంది. అలెన్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. రాజులు, రాజ్యాలు అనువాదంలో వచ్చి చేరినవే, కెరెస్ భాష మాట్లాడే జనంలో అలాంటి రాజు లేడు. పసుపు స్త్రీ అంటే ఒక అందగత్తె పేరు అనుకోకూడదు, స్త్రీతనానికే అది గుర్తు. అసలు ఈ కథ ఒక క్రతువుకు సంబంధించింది. శీతాకాలం చూసే సగం జనం నుంచి ఎండాకాలం చూసే సగం జనానికి బాధ్యత చేతులు మారే సందర్భం అది. ఆ మార్పు జరిపించేది స్త్రీ. పోట్లాట లేకపోతే కథే కాదనుకునే పాఠకుల కోసం రాసేసరికి క్రతువు కాస్తా యుద్ధమైపోయింది. ఇందులో దురుద్దేశం లేదు, రాసినవాడు ఇంటి మనిషే. అదే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది.

ప్రధాన్లు కింగ్రి వాయిస్తూ చెప్పే గోండు కథలు హైమన్‌డార్ఫ్ పుస్తకంలో 1948లో ఆంగ్లంలో అచ్చయ్యాయి. ఆయన పడిన శ్రమకు మనం రుణపడి ఉన్నాం. కానీ దేవారిని పూజారి అని రాసేస్తే ఎంత జారిపోతుందో దేవారి పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు. ఆ పుస్తకాలను అలెన్ చదివినట్టు చదివేవాళ్లు మనలోంచే రావాలి.

ఆమె చెప్పిందంతా ఒప్పుకోనక్కర్లేదు. వేర్వేరు తెగలను ఒకే గాటన కట్టారనీ, ప్రతిచోటా స్త్రీల పెత్తనమే చూశారనీ విమర్శలు వచ్చాయి. వాటిలో కొంత నిజం ఉందని మాకూ అనిపిస్తుంది. వందల భాషలున్న ఖండానికి ఒకే వలయం గీయడం కష్టం.

ఇంకో చిక్కు ఆమె తనంతట తానే బయటపెట్టారు. లగూనాకే చెందిన బంధువు లెస్లీ సిల్కో 1977లో ‘సెరిమొనీ’ నవల రాసింది. గొప్ప నవలగా పేరు పొందింది. అందులో ఒక వంశం వాళ్లు తమలో తాము మాత్రమే చెప్పుకోవాల్సిన కథ ఉందని అలెన్ 1990లో ఒక వ్యాసంలో రాశారు. ఇలాంటివి బయట చెప్పకూడదని చిన్నప్పుడు తల్లి పదేపదే హెచ్చరించేదట. విశ్వవిద్యాలయమేమో అంతా విప్పి చెప్పమంటుంది. అమ్మ వద్దంటుంది. పాఠం చెప్పే మనిషి ఎటు పోవాలి? పురాకథలను తానూ పుస్తకాలకెక్కించిన మనిషే కాబట్టి ఈ ప్రశ్న ఆమెకూ తగులుతుంది. క్రతువు వివరాల జోలికి పోకుండా, కథనం మీద నిలబడే ఆ నవలను బోధించేదాన్నని ఆమె రాశారు.

1989లో ఆదివాసీ స్త్రీల కథలను కూర్చి ‘స్పైడర్ ఉమన్స్ గ్రాండ్‌డాటర్స్’ తెచ్చారు. మరుసటి ఏడు దానికి అమెరికన్ బుక్ అవార్డు వచ్చింది. బర్కిలీలో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులుగా పనిచేసి 1999లో విరమించారు. 2003లో పోకహాంటస్ జీవితాన్ని ఆదివాసీ చూపుతో తిరగరాశారు. 2008 మే 29న, 68 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియా తీరంలోని ఫోర్ట్ బ్రాగ్‌లో కన్నుమూశారు.

మన సంఘం పిల్లలు ఇప్పుడు ఫోన్లు పట్టుకొని పెద్దల కథలు రికార్డు చేస్తున్నారు. ఒక్కోచోట ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపమంటుంది. ఆపేస్తున్నాం. ఆ ఆపిన చోట ఏముందో రేపు ఎవరికి చెప్పాలన్నది ఆమెనే అడిగి, ఆ పేరు మాత్రం రాసుకుంటున్నాం.