దిష్టి

అసూయతో చూసిన చూపు, ఒక్కోసారి మనసారా మెచ్చుకున్న చూపు కూడా, కీడు చేస్తుందన్న నమ్మకం. ‘దృష్టి’ నుంచి వచ్చిన మాట. మధ్యధరా తీరం నుంచి దక్షిణాసియా దాకా ఇది కనిపిస్తుంది. కంటి నుంచి వెలువడే ప్రవాహాలే ఇందుకు కారణమని గ్రీకు రచయిత ప్లూటార్క్ దాదాపు 1,900 ఏళ్ల కిందటే వివరించబోయాడు.

తెలుగిళ్లలో దిష్టి తగలకుండా పసిబిడ్డకు బుగ్గచుక్క పెడతారు. అన్నం ముట్టక బిడ్డ ఏడుస్తుంటే అమ్మమ్మ గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టి, మూడుసార్లు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తుంది. ఉప్పు చిటపటలాడుతుంది. ఘాటు రాకపోతే ‘ఎంత దిష్టో!’ అంటారు. ఆ తిప్పే చేతిలో ఉన్నది భయం కన్నా ప్రేమే. అయితే జ్వరాన్ని దిష్టిగా భావించి వైద్యం ఆలస్యం చేయడం ప్రమాదం.

టర్కీలో నీలి గాజుపూస కడతారు. దాని పేరులోని ‘నజర్’ (చూపు) అరబ్బీ మాట, హైదరాబాదు ఉర్దూలోనూ అదే. గ్రీసులో మెచ్చుకున్నాక మూడుసార్లు ‘ఫ్తూ’ అంటారు. ఇటలీలో పళ్లెంలోని నీళ్లపై నూనెచుక్కలు వేసి, అవి విచ్చుకునే తీరు చూసి దిష్టి తగిలిందో లేదో చెబుతారు.