నెట్‌వర్క్‌లో నిర్ణయం ఎవరిది? ఎస్‌డీఎన్ వెనకున్న చరిత్ర



మన గ్రూపులో బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ఎస్‌డీఎన్ అంటే "కంట్రోల్ అంతా ఒకేచోట" అని బట్టీపట్టి పరీక్ష రాసేస్తాం. అసలు కథ అంత సూటిగా లేదు.

1969లో ఆర్పానెట్ మొదలైంది. ప్రతి నోడూ పక్క నోడ్లతో మాట్లాడి తన దారి తానే లెక్కేసుకునేది. ఒకటి పోయినా మిగతావి నడిచేవి. కానీ తప్పు సమాచారం కూడా అలాగే ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది కదా! 1980 అక్టోబర్ 27న అదే జరిగింది. చెడిపోయిన మెసేజ్‌లు అన్ని నోడ్లకీ పాకి, నెట్‌వర్క్ మొత్తం కొన్ని గంటలు పడిపోయింది.

2007లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఈథేన్, 2008లో ఓపెన్‌ఫ్లో వచ్చాయి. ప్యాకెట్లు పంపడం స్విచ్‌ల పని, ఆలోచించడం కంట్రోలర్ పని. నెట్‌వర్క్ మొత్తం ఒకేచోట కనబడుతుంది. మరి ఆ కంట్రోలర్ పోతే? అది చాలా దూరంలో ఉంటే?

అందుకే 2010లో ఓనిక్స్, 2014లో ఓనోస్ లాంటివి అనేక కంట్రోలర్లని కలిపి ఒకటిగా నడిపించాయి. చిక్కు ఇక్కడే మొదలైంది. అన్నీ ఒప్పుకున్నాకే మార్పు రాస్తే ఆలస్యం అవుతుంది. ముందు రాసేసి తర్వాత సరిచూసుకుంటే పని త్వరగా అవుతుంది గానీ, కాసేపు ఒక్కో కంట్రోలర్‌కి ఒక్కో బొమ్మ కనబడుతుంది. ఆ కాసేపట్లో ప్యాకెట్లు గుండ్రంగా తిరగొచ్చు, మాయమూ కావచ్చు. ఓనిక్స్ రెండు పద్ధతులూ ఇచ్చి, ఏ సమాచారానికి ఏది వాడాలో అప్లికేషన్ రాసేవాళ్లకే వదిలేసింది.

మెజారిటీ పద్ధతి చూడండి. 5 కంట్రోలర్లలో 3 ఒప్పుకోవాలి. 2 పాడైనా పర్లేదు. కానీ మధ్యలో లింక్ తెగితే, 2 ఉన్న వైపు బాగానే ఉన్నా కొత్త నిర్ణయం తీసుకోలేదు. బ్రూవర్ 2000లో చెప్పింది, 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించిందీ ఈ ఇబ్బందినే.

2012లో కాండూ ఇంకో దారి చూపింది: చోటు పనులు చోటు కంట్రోలర్‌కి, మొత్తం నెట్‌వర్క్ చూడాల్సినవి పై కంట్రోలర్‌కి.

కంట్రోలర్ అందకపోతే స్విచ్ ఏం చెయ్యాలో కూడా ఓపెన్‌ఫ్లో రాసిపెట్టింది: పాత రూల్స్‌తోనే నడవడం, లేదా మామూలు స్విచ్‌లా మారిపోవడం. కొండమీద ఊరికి కేబుల్ తెగితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రాజెక్టు చేసేటప్పుడు కంట్రోలర్లు ఎన్ని అని లెక్కపెట్టి ఆగకండి. లింక్ తెగిన రోజు ఆ చివరున్న స్విచ్ ఏం చేస్తుందో ముందు రాసుకోండి.